మాంసం మానేద్దామనుకునేవారు అడిగే ప్రశ్నలు: పాలమూరు, నల్లగొండ వంటిళ్లకు సరిపడే జవాబులు

మాంసం మానేస్తున్నామనో, తగ్గిస్తున్నామనో చెప్పే బంధువులు, ఇరుగుపొరుగువారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. నేను వంట చేసేదాన్నే తప్ప డాక్టరును కాను. మందులు వాడుతున్నవారు ఆరోగ్యానికి సంబంధించిన జవాబులను తమ డాక్టరుతో మాట్లాడాకే పాటించాలి.

నేను గమనించిన విషయం ఒకటి ముందే చెబుతాను. మాంసం మానాక నీరసంగా ఉందని వచ్చేవారి కంచం చూస్తే అన్నం రెట్టింపై ఉంటుంది, పక్కన ఆలుగడ్డ వేపుడు ఉంటుంది, పప్పు మాత్రం పలుచగా నీళ్లలా ఉంటుంది. మాంసం ఖాళీ చేసిన చోట పప్పులు, గింజలు చేరకపోతే ఏ ఆహార నియమమూ నిలవదు.

## మొదలుపెట్టే ముందు

శాకాహారం అంటే పాలు, పెరుగు కూడా మానాలా?

అక్కర్లేదు. మన ఇళ్లలో శాకాహారమంటే మాంసం, చేపలు, గుడ్డు లేని భోజనం. అందులో పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. పూర్తిగా మొక్కల నుంచి వచ్చినవే తినేవారిని వీగన్ అంటున్నారు. వారు పాల పదార్థాలు, తేనె కూడా ముట్టరు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి, ఎందుకంటే కొనే సరుకులూ వేసుకోవలసిన మాత్రలూ దాన్నిబట్టి మారతాయి. నా మట్టుకు మాంసం మొదట, గుడ్డు తరువాత, పాలు చివర మానడమే తేలిక. పెరుగన్నంతో భోజనం ముగించే అలవాటున్న మనకు అన్నిటికన్నా గట్టి ముడి పెరుగే.

మన దగ్గర అందరూ మాంసం తింటారు కదా, ఇది అయ్యే పనేనా?

నిజమే. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. దేశంలో మనదే ముందు వరుస. కానీ అదే ఇంట్లో సోమవారం నుంచి శనివారం దాకా పొయ్యి మీద ఏముంటుందో చూడండి: పప్పు, పచ్చిపులుసు, పుంటికూర, ఏదో ఒక తొక్కు. తాతల కాలంలో మాంసం పండుగకో, చుట్టం వస్తేనో ఉండేది. రోజు విడిచి రోజు చికెన్ అన్నది బ్రాయిలర్ కోళ్ల ఫారాలు పెరిగాక వచ్చిన అలవాటు. కాబట్టి కొత్త వంటలు నేర్చుకునే పని పెద్దగా లేదు. ఉన్న వంటలను కాస్త చిక్కగా, ధారాళంగా చేసుకుంటే చాలు.

ఒక్కసారిగా మానాలా, మెల్లమెల్లగానా?

మీ స్వభావాన్నిబట్టి. చాలా ఇళ్లలో శ్రావణంలోనో కార్తీకంలోనో నెలంతా మాంసం వండరు. ఆ నెల పూర్తయ్యాక అదే పద్ధతిని కొనసాగించడం అన్నిటికన్నా సుఖమైన మార్గం. ఇంట్లోవారికి వివరణ ఇచ్చుకునే బాధ కూడా ఉండదు. కార్తీకానికి ఇంకో లాభం: చలికాలం ఆకుకూరలు లేతగా దొరుకుతాయి, ఆ వెనుకే సంక్రాంతి నాటికి అనపకాయలు (అనుముల కాయలు) వస్తాయి.

ఖర్చు పెరుగుతుందా?

తగ్గుతుంది. కిలో మటన్ ధరకు నాలుగైదు కిలోల కందిపప్పు వస్తుంది. ఖర్చు పెరిగేది బాదం పాలు, డబ్బాలో వచ్చే ప్రొటీన్ పొడి, ప్యాకెట్టులో వచ్చే ఉత్తుత్తి మాంసం కొన్నప్పుడే. అవేవీ లేకుండా బతకవచ్చు.

## సరుకులు, వంట

ముందుగా ఏమేమి కొనిపెట్టుకోవాలి?

కందిపప్పు, పెసరపప్పు, శనగలు, అలసందలు, పల్లీలు, నువ్వులు, జొన్నపిండి, చింతపండు. ఇవి ఉంటే వారం గడుస్తుంది. కందిపప్పులో తాండూరుది దొరికితే తీసుకోండి. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పల్లీలకు మనం వెతుక్కోనక్కర్లేదు, పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల యాసంగి పంటే అది. ఒక జాగ్రత్త: బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదు తగిలేవి ఏరి పారేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

మాంసం కూర లేకపోతే ముద్ద దిగడం లేదు, ఏం చేయాలి?

చాలామందికి గుర్తొచ్చేది మాంసం కన్నా దాని మసాలా. అల్లం వెల్లుల్లి ముద్ద, వేయించి దంచిన ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, చివర్లో కొత్తిమీర, పుదీనా. ఈ మసాలాను ఆదివారం అలాగే ఉంచి, కూరలో పడే ముక్కను మార్చండి.

మొదటి ప్రయత్నంగా బగారా అన్నం, గుత్తివంకాయ చేయండి. బగారా అన్నంలో అసలు మాంసం ఉండదు. లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, షాజీరా, బిర్యానీ ఆకు నూనెలో వేగాక ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుదీనా, అల్లం వెల్లుల్లి వేసి, ఎసరు పోసి బియ్యం ఉడికించడమే. వంకాయలోకి పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి, చింతపండుతో ముద్ద నూరి కూరండి. నూనె పైకి తేలేదాకా చిన్న మంట మీద మగ్గించాలి, తొందరపడితే మసాలా పచ్చిగానే ఉంటుంది. దాల్చా కూడా మాంసం లేకుండా సొరకాయ ముక్కలు, శనగపప్పుతో నిండుగా వస్తుంది. చింతపండు పులుపు కాస్త ముందుకు రావాలి.

నమలడానికి గట్టిగా ఏదో ఒకటి కావాలనేవారికి లేత పనసకాయ, పుట్టగొడుగులు, మీల్ మేకర్ ఉన్నాయి. వానాకాలంలో చేలగట్ల మీద మొలిచే పుట్టగొడుగులను మాత్రం బాగా ఎరిగిన పెద్దలు ఏరిచ్చినవి తప్ప వండకండి. విషపువి చూడటానికి అచ్చం మంచివాటిలాగే ఉంటాయి.

మీల్ మేకర్ పచ్చివాసన వస్తోంది, పిల్లలు పక్కకు పెట్టేస్తున్నారు.

మరిగే ఉప్పునీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, చల్లని నీళ్లలో మళ్లీ కడిగి పిండండి. ఇలా రెండుసార్లు చేస్తే వాసన పోతుంది. తరువాత కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి కాసేపు ఉంచి, నూనెలో ఎర్రగా వేయించాకే కూరలో వేయండి. పిండకుండా నేరుగా కూరలో వేస్తే లోపల చప్పని నీళ్లు నిలిచి మసాలా పట్టదు.

మా బోరు నీళ్లలో పప్పు ఎంతసేపైనా ఉడకదు.

ఉప్పునీళ్ల బోర్లున్న ఊళ్లన్నింటా ఉన్న బాధే ఇది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు పైపొరను గట్టిపరుస్తాయి. తాగే నీళ్లతోనే నానబెట్టి, తాగే నీళ్లతోనే ఉడికించండి. శనగలు, అలసందలు, అనుములు రాత్రంతా నానాలి, కందిపప్పుకు అరగంట చాలు. చింతపండు, టమాటా, పుంటికూర పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే పలుకు పలుకుగానే ఉండిపోతుంది. సోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది గానీ బి1 విటమిన్ దెబ్బతింటుంది. ఇవన్నీ చేసినా ఉడకకపోతే ఆ పప్పు పాతది, కొట్టు మార్చండి.

పొద్దున అరగంటలో అయ్యే వంట చెప్పండి.

పెసరపప్పు, ఆకుకూర, పచ్చిపులుసు. పెసరపప్పు నానబెట్టకుండానే కుక్కర్‌లో రెండు మూడు విజిళ్లకు ఉడుకుతుంది. అందులో గంగవాయిలకూరో పాలకూరో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో తాలింపు పెట్టండి. నలుగురికి ఒక నిండు గ్లాసు పప్పు పోయాలి. ఇక్కడ పిసినారితనం చూపకండి.

పచ్చిపులుసుకు పొయ్యితో పని దాదాపు లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, కాల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు, కొంచెం బెల్లం, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి కలిపి పోపు వేస్తే అయింది. నువ్వుల పొడి లేని పచ్చిపులుసును మా ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జొన్న రొట్టె చేస్తే అంచులు విరిగిపోతున్నాయి.

జొన్నపిండిలో గోధుమకున్న జిగురు ఉండదు, కాబట్టి మరిగే నీళ్లే ఆ పని చేయాలి. సలసల కాగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, చేయి పట్టే వేడికి రాగానే అరచేతి మొదలుతో బాగా మర్దించండి. ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దను చేసేముందు మళ్లీ పిసకాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు రాయండి. పిండి పట్టించి నెల దాటితే ఎంత పిసికినా విరుగుతుంది, అందుకే కొంచెం కొంచెంగా పట్టించుకోవాలి. నారాయణపేట వైపు ఆడవాళ్లు కర్ర లేకుండా చేత్తో తట్టే రొట్టె చూస్తే ఇవన్నీ మాటల్లో చెప్పడం దండగనిపిస్తుంది. వీలైతే ఒకరి పక్కన కూర్చుని చూడండి.

పాలు మానితే పెరుగన్నం ఎలా?

పల్లీలతో పెరుగు తోడుకుంటుంది. ఒక కప్పు పచ్చి పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టండి. ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూతపెట్టండి. ఎండాకాలం ఒక పూటలో తోడుకుంటుంది, చలికాలం ఇంకా ఎక్కువసేపు పడుతుంది. రెండోసారికి ఈ పెరుగే తోడుగా పనికొస్తుంది. వాసన మారినా, రంగు మారినా పారేయండి.

రుచి గేదె పెరుగులా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఉండదు. పల్లీ రుచి తెలుస్తూనే ఉంటుంది. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చితో పోపు పెట్టి మజ్జిగగా చేస్తే చాలామంది గుర్తుపట్టరు. అదీ నచ్చకపోతే రాత్రి కాచి పులియబెట్టిన జొన్న అంబలిలో ఉల్లిగడ్డ నంజుకుని భోజనం ముగించండి. ఎండల్లో అంతకన్నా చల్లనిది లేదు.

గింజలు ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతోంది.

మొదటి రెండు మూడు వారాలు ఇది మామూలే, పేగులకు అలవాటు కావాలి. గింజలు నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించండి. గుప్పెడుతో మొదలుపెట్టి పెంచండి. పెసరపప్పు అన్నిటికన్నా తేలిక, శనగలు బరువు. వాము, ఇంగువ, అల్లం సాయం చేస్తాయి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

## ఒంటి సంగతి

ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఎండు సరుకు 100 గ్రాములకు కందిపప్పులో 20 గ్రాములకు పైగా, పెసర్లు, మినుముల్లో 22 నుంచి 24, పల్లీల్లో 24 దాకా, మీల్ మేకర్‌లో 50 దరిదాపు ఉంటుంది. జొన్నల్లో 10, బియ్యంలో 7 లేదా 8.

ఒక రోజు లెక్క వేద్దాం. రెండు మూడు జొన్న రొట్టెలు (100 గ్రాముల పిండి) 10, నూటయాభై గ్రాముల బియ్యం 11, నలభై గ్రాముల పప్పు 8 లేదా 9, సాయంత్రం గుప్పెడు శనగ గుగ్గిళ్లు 8, పల్లీ పొడి 5, రాత్రి కూరలో 20 గ్రాముల మీల్ మేకర్ 10. యాభై దాటింది. ఇందులో పప్పును నీళ్లచారు చేసి, గుగ్గిళ్లు ఎగ్గొట్టి, మీల్ మేకర్ బదులు ఆలుగడ్డ వేస్తే ముప్పై కూడా మిగలదు. పప్పులో తక్కువగా ఉండే అమైనో ఆమ్లాలు ధాన్యంలో, ధాన్యంలో తక్కువగా ఉండేవి పప్పులో ఉంటాయి. రోజు మొత్తంలో రెండూ పడితే చాలు, ఒకే ముద్దలో కలవనక్కర్లేదు.

బి12 మాత్రలు వేసుకోవలసిందేనా?

పాలు కూడా మానినవారైతే వేసుకోవలసిందే. ఇందులో మొహమాటం లేదు. బి12ను తయారుచేసేది సూక్ష్మజీవులు. ఏ ఆకుకూరలోనూ, ఏ పప్పులోనూ అది నమ్మదగినంత ఉండదు. పులియబెట్టిన అంబలితో, స్పిరులినా అనే నాచు పొడితో సరిపోతుందన్న మాట నమ్మి నరాలు పాడుచేసుకోవద్దు. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోటు కొన్నేళ్ల తరువాత గానీ బయటపడదు. అరికాళ్లలో తిమ్మిరి, నీరసం, నాలుక మంట, మతిమరుపు దాని గుర్తులు. వీగన్లకు సాధారణంగా చెప్పే మోతాదు రోజుకు 10 మైక్రోగ్రాములు, లేదా వారానికోసారి 2000 మైక్రోగ్రాములు. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకుంటే మీ స్థాయి తెలుస్తుంది. పాలు, పెరుగు తీసుకునేవారు కూడా ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది.

మాంసం మానితే రక్తం తగ్గుతుందని అత్తమ్మ భయపెడుతోంది.

అత్తమ్మ మాటలో కొంత నిజముంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది, మొక్కలలోది అంత తేలికగా పట్టదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. దాదాపు అందరూ మాంసం తినే రాష్ట్రంలోనే ఈ పరిస్థితి. కూరలో మంచి ముక్కలు ఎవరి కంచంలోకి వెళతాయో మనకు తెలియనిది కాదు.

చేయవలసింది ఇది: పప్పు, ఆకుకూర తినేటప్పుడు పైన నిమ్మకాయ పిండండి, లేదా భోజనం తరువాత నల్లగొండ బత్తాయి ఒకటి తినండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును పట్టిస్తుంది. భోజనం కాగానే తాగే చాయ్ దానికి అడ్డుపడుతుంది, గంట ఆగండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి ఉంటే మానకండి.

పాలు లేకపోతే ఎముకలకు కాల్షియం?

పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 దరిదాపు, మునగాకులో 300కు పైగా ఉంటుంది. నువ్వుల్లో అన్నిటికన్నా ఎక్కువ, కానీ పొట్టుతో ఉన్నవాటిలో మాత్రమే. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో చాలా భాగం పోతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది కొంచెమే. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వంటి ఫ్లోరైడ్ బాధిత మండలాలవారు మరింత జాగ్రత్త పడాలి. కాల్షియం లోటు ఉంటే ఫ్లోరైడ్ చేసే కీడు పెరుగుతుంది. అలాంటి ఊళ్లలో ఎముకలు, కీళ్ల నొప్పులున్నవారు పాలు మానే ముందు డాక్టరును అడగాలి.

షుగర్ ఉన్నవారు మారవచ్చా?

మారవచ్చు, అన్నం పెరగనంత వరకు. ఒక పూట జొన్న రొట్టె, రెండో పూట సగం అన్నం, దానికి సమానంగా పప్పు, కూర. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు కాబట్టి ముందే డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పులు, ఆకుకూరలు తమంతట తాము పెంచుకోకూడదు.

గర్భిణులు, చిన్నపిల్లలు?

గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టవద్దనే నా సలహా. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనంతో ఇచ్చే గుడ్డు, పాలు వద్దనే ముందు డాక్టరుతో మాట్లాడండి. ముందునుంచీ శాకాహారులైతే బి12, ఇనుము పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి.

పిల్లల కడుపు చిన్నది. ఆకులు, కాయలతో నిండిపోతే బలం చాలదు. ముద్దపప్పు, పల్లీ పొడి, నువ్వులు, నూనె ధారాళంగా ఉండాలి. ఐదేళ్లలోపు వారికి పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి, పొడిగానే ఇవ్వండి. బడిలో పెట్టే గుడ్డు తింటే తిననివ్వండి. పెద్దల నిర్ణయాన్ని పిల్లల మీద రుద్దడం నాకు నచ్చదు.

## ఇల్లు, పండుగలు, ప్రయాణం

ఇంట్లో మిగతావారు తింటారు, రెండు రకాల వంట ఎవరు చేస్తారు?

మానాలనుకున్నవారు చేయాలి. మగవాళ్లు మాంసం మానేసి, ఇంకో కూర వండే పని భార్య మీద పడేయడం చాలా ఇళ్లలో చూశాను. అది ఆహార నియమం కాదు, పనిభారం. ఉపాయం ఏమిటంటే పప్పు, పచ్చిపులుసు, రొట్టె అందరికీ ఒకటే. మాంసం కూర తినేవారికి అది అదనం.

బోనాలు, దసరా, జాతరలకు ఏం చేయాలి?

ముందే చెప్పండి, కంచం ముందు కూర్చున్నాక చెప్పకండి. వేట కోసి వండాక వద్దంటే వండినవారి మనసు నొచ్చుకుంటుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్లేవారు ఇంటినుంచి పులిహోర, సర్వపిండి కట్టుకుంటే ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు. పండుగలన్నీ మాంసంవేననుకోవడమూ సరికాదు. సద్దుల బతుకమ్మకు చేసే పులిహోర, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద, సంక్రాంతి సకినాలు ఎప్పటినుంచో మాంసం లేనివే. మలీదలో నెయ్యి బదులు నువ్వులు దంచి కలిపినా బాగుంటుంది.

దావత్‌లో నాకు తినడానికి ఏమీ ఉండదు.

బగారా అన్నం ఉంటుంది, ఒక పప్పో సాంబారో ఉంటుంది. బగారా మటన్ రసంలో వండినది కాదని ఒకసారి అడగండి. ఇంట్లో కాస్త తినివెళ్లడం ఇంకా మేలు.

బయట తినేటప్పుడు ఏది చూసుకోవాలి?

ప్యాకెట్టు మీది పచ్చ చుక్కకు అర్థం మాంసం, గుడ్డు లేవని మాత్రమే. పాలు, వెన్న ఉండవచ్చు. పాలు కూడా లేనివాటికి ఆహార భద్రతా సంస్థ 2022 నిబంధనల ప్రకారం ఆకుపచ్చ వి అక్షరపు గుర్తు వేరే ఉంది. బేకరీ బిస్కెట్లు, కేకుల్లో పాలు లేదా గుడ్డు దాదాపు ఖాయం. హోటల్లో ఇడ్లీ, సాంబారు, గారె, ఉప్మా అడగవచ్చు, కానీ నెయ్యి వేయవద్దని వడ్డించేవారికి కాకుండా వండేవారికి చేరేలా చెప్పాలి. కర్నూలు దారిలోనో విజయవాడ దారిలోనో పొద్దుపోయాక బస్సు ఆగే చోట్ల బిర్యానీ తప్ప ఏమీ మిగలదు. రాత్రి ప్రయాణమైతే ఎండబెట్టిన జొన్న రొట్టెలు, పల్లీ పొడి, ఒక ఉల్లిగడ్డ సంచిలో వేసుకోండి. రెండు రోజులైనా పాడుకావు.